రెండో పట్టీ

బూసాన్ రేవుకు ఎదురుగా యంగ్‌డో దీవి,
లిఫ్టు మూలిగే పాత అపార్ట్‌మెంటు, ఎనిమిదో అంతస్తు.
నా పని దిగుడుతాళ్ళ తనిఖీ.
ఏడాదికోసారి తలుపు తట్టి
"మీ ప్రాణం పెట్టె ఎక్కడ పెట్టారు?" అని అడిగేవాణ్ణి.

పెట్టె కిమ్చీ ఫ్రిజ్ వెనక దొరికింది.
కిటికీ పక్క గోడలోంచి చాచిన ఇనుప చేతికి
ఎండుచేపలు వేలాడుతున్నాయి, తోకలు పైకి.
"దానికి మాత్రం పనేముంది పాపం, పన్నెండేళ్ళుగా" అంది బూ మల్సున్.
ఎనభై ఒకటి. జెజు నుంచి వలస వచ్చి
సముద్రం అడుగున గుల్లలు ఏరి
ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి.

చేపల్ని పేపర్లో చుట్టాం.
కొక్కెం తగిలించాను, మర బిగించాను.
పట్టీ చంకల కిందికి రావాలి, గట్టిగా.
కింద ఎవరూ లేరని చూసి తాడుచుట్ట విసరాలి.
ముఖం గోడవైపు.
చేతులు మాత్రం పైకెత్తకూడదు అవ్వా,
ఎత్తారా, పట్టీ తలమీంచి జారిపోతుంది,
తాడు దారి తాడుది, మీ దారి మీది.

నలభై కిలోల మనిషినైనా, నూరు కిలోల మనిషినైనా
ఈ పిడికెడు మర దాదాపు ఒకే నడకన దింపుతుంది.
మనం ఎంత తొందరపడితే
లోపల అది అంత గట్టిగా పట్టుకుంటుంది.

"మరి ఊపిరి?" అంది.
నాకు అర్థం కాలేదు.
"నడుముకి సీసం కట్టుకుని యాభై ఏళ్ళు దిగాను నాయనా,
దిగినంతసేపూ ఊపిరి బిగబట్టే.
నీ తాడు మీద పీల్చుకోవచ్చా?"
పీల్చుకోవచ్చన్నాను. బయటంతా గాలే.
"అయితే ఇదీ ఒక దిగడమేనా!"

ఒకే తాడు, రెండు కొసలు, కొసకో పట్టీ.
ఒకరి కాళ్ళు నేల తాకేసరికి
ఖాళీ పట్టీ కిటికీ దగ్గరికి వచ్చి ఉంటుంది,
నూతి మీద జంట చేదల్లాగ.
ఆ మాట అంటుండగా
ఆవిడ చూపు పక్కగదిలోకి వెళ్ళింది.
మంచం, మంచం మీద దుప్పటి, దుప్పటి కింద పెద్దాయన.
"ఆయన చేతులెత్తడులే. ఆరేళ్ళయింది ఎత్తి.
నీ పరీక్షలో ఆయనకి నూటికి నూరు."
నవ్వింది.
నవ్వాలో వద్దో తెలియక
బిగించిన కొక్కేన్నే మళ్ళీ బిగించాను.

"ముందు ఆయన్ని కట్టి వదులుతా.
తర్వాత రెండోది నాకోసం వస్తుంది. అంతేగా?"
అంతే.
ఆ బరువుని కిటికీ అంచు దాకా ఎత్తేదెవరు,
కింద పట్టీ విప్పేదెవరు,
అప్పటికి గదిలో పొగ ఎంత ఎత్తున ఉంటుంది
ఆవిడ అడగలేదు. నా ఫారం కూడా అడగదు.
అందులో రెండే గళ్ళు: ఉంది, లేదు.
'ఉంది' దగ్గర టిక్కు పెట్టాను.
ఇక అక్కడ చేపలు కట్టొద్దన్నాను.
సరేలే అంటూ ఒక చేపని
నా సంచిలో దూర్చింది.

నేనుండేది పద్నాలుగో అంతస్తు.
చట్టం ఇచ్చే తాడు పదో అంతస్తుతో అయిపోతుంది.
మాకు దక్కింది బాల్కనీ చివర ఒక పల్చటి గోడ,
గట్టిగా తంతే పగిలేది.
పగిలితే అవతల పక్కింటివాళ్ళ బాల్కనీ.
ఇంట్లో దిగిన రోజే దానికి
చెప్పుల బీరువా ఆనించాను.

ఆ రాత్రి, చేతుల్లో చేపవాసన ఉండగానే,
బీరువా పక్కకి లాగాను.
గోడమీద వేలితో తట్టాను, ఊరికే.
అవతల గోడకి ఆనుకుని ఏదో బరువైనది,
వాషింగ్ మెషీనే అయ్యుంటుంది,
గిరగిర తిరిగి తిరిగి ఆగింది.
ఎవరో దగ్గారు.
ఆడో మగో పోల్చుకోలేకపోయాను.
నాలుగేళ్ళు.

రేపు ఈ చేప పట్టుకుని
వాళ్ళింటికి వీధి తలుపు వైపు నుంచి వెళ్ళాలి.