కుండీ తిరగేసి

ఒడెన్సె శివారు గాజు ఇంట్లో
ఫిబ్రవరి తెల్లవారదు, నానుతుంది.
ఇంగెలీసా కుండీని అరచేతిలో బోర్లించి
అంచు మీద ఒక్క దెబ్బ కొడుతుంది.
నీలిగంటల క్యాంపాన్యులా
తలకిందులుగా జారి
ఆమె వేళ్ళ మధ్య తన వేళ్ళతో వేలాడుతుంది.

పువ్వు వంక చూడదు ఆమె.
పువ్వుని కొనేవాళ్ళు చూసుకుంటారు.

"ఇటు రా, రిమాస్.
ఇది ఆదివారం కుర్రాడు తడిపిన బల్ల.
మనసు మంచిది, చెయ్యి ఆగదు."
గోధుమరంగు వేళ్ళు, నానిన నూలు.
పట్టి లాగితే పైతొడుగు ఊడొచ్చి
వెంట్రుకంత దారం మిగిలింది.
కుళ్ళిన గుడ్డు వాసన.

తలుపు పక్క వరసది వేరే సంగతి.
జనవరిలో ఒక రాత్రి కరెంటు పోయి
బల్ల కింది వేడి గొట్టాలు చల్లబడ్డాయి.
ఆకులు మూడు వారాలు ఏమీ జరగనట్టే ఉన్నాయి.
కింద వేళ్ళు మాత్రం
ఆ రాత్రి ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి.

ఎవరూ తడపని ట్రే ఒకటి
మూలన గోనెసంచుల వెనక దొరికింది నాకు.
తీసి చూద్దును కదా, తెల్లటి వేళ్ళు!
నీటి చుక్క కోసం కుండీ గోడ దాకా తడుముకుంటూ వెళ్ళినవి.
"చూశారా, కష్టపెడితేనే పెరుగుతాయి!"
ఆమె నవ్వలేదు.
అదే ట్రేలోని మిగతా పదకొండూ
ఒక్కొక్కటే బోర్లించి తట్టింది.
పొడి. పొడి. పొడి.
"బతికినదాన్నే అడుగుతావు నువ్వు."

తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
తడి కుండీ ఒక చేతిలో, ఆరింది ఒక చేతిలో పెట్టి
కళ్ళు మూసుకోమంది.
ఒకటి రై రొట్టె, ఇంకోటి గుడ్డు పెంకు.
"ఈ రెంటికీ నడుమ ఒక బరువుంది.
నీళ్ళు తాగి, గాలి పీల్చుకునే బరువు.
నాకు ఆరేళ్ళు పట్టింది."

బతికిన ఆ ఒక్కటీ
వెళ్ళడానికి చోటు లేక
కుండీలోనే మూడు చుట్లు తిరిగి ఉంది.
ఏప్రన్ జేబులోంచి చాకు తీసి
నాలుగు వైపులా పైనుంచి కిందికి గీసింది.
పాలు కారాయి.
నా గొంతులో ఏదో అడ్డుపడింది, ఆమె చూడనట్టే ఉంది.
పెద్ద కుండీలో దించి, మట్టి పోసి, నొక్కకుండా
బల్లకేసి రెండుసార్లు తట్టింది.
ప్లాస్టిక్ చీటీ మీద పెన్సిలుతో
'అమ్మకానికి కాదు' అని రాసి గుచ్చింది.

"పదిరోజుల దాకా తీసి చూడకు."

ఇవాళ నాలుగోది.
పొద్దుటి నుంచీ నా చేతులు
ఆ బల్ల పక్కనే ఏదో ఒక పని వెతుక్కుంటున్నాయి.