మొదటి గుక్క

మే నాలుగు. మానిటోబా దక్షిణపు అంచు.
కోర్నీ హీబర్ట్ నల్లమట్టిలో థర్మామీటరు గుచ్చాడు.
పది డిగ్రీలు.
"చాల్లే," అన్నాడు. పక్క పొలం వాళ్ళు
రెండో తారీఖునే విత్తేశారు మరి.

ఆ రాత్రి వాన.
వాన అనకూడదేమో,
మంచు కాబోయి మొహమాటపడ్డ నీళ్ళు.

ఎండు సోయా గింజకి దాహమేస్తే
పోసేదెవరో చూడదు.
తాగేస్తుంది.
వెచ్చటి నేలలో అయితే లోపలి పొరలు
మెల్లగా నాని, సర్దుకుంటాయి.
చలినీటికి బిగుసుకుని, పెళుసై, చిట్లుతాయి.
దాచుకున్న తీపంతా మట్టిలోకి కారిపోతుంది.
బూజుకి కబురందుతుంది.

అంతా మొదటి ఒక్క రోజులోనే.
తర్వాత ఎంత ఎండ కాసినా
ఆ గుక్కని కక్కించలేదు.

ఇరవై మూడో రోజున నన్ను పిలిచారు.
నా పని లెక్కపెట్టడం.
సైకిల్ చక్రమంత వలయం విసిరి
అందులో పడ్డ మొక్కలెన్నో రాసుకోవడం.
ఆరు. తొమ్మిది. రెండు.
ఒకచోట మెడ వంచిన మొలక,
ఒక బద్ద విరిగి, తల ఇంకా నేలలోనే.
దాన్ని మొక్క కింద రాయాలా?
ఇప్పటికీ తెలీదు. రాశాను.

"దున్నేసి మళ్ళీ వేస్తా," అన్నాడు కోర్నీ
నా మొహం కాదు, నా కాగితం చూస్తూ.
ట్రక్కు దిగకుండానే అతని వదిన ఆగ్నెస్
"జూన్లో వేసింది సెప్టెంబరు మంచుకి పచ్చిగా దొరుకుతుంది.
ఉన్నవాటిని ఉండనీ," అని
కిటికీ అద్దం తిప్పేసుకుంది.

ఉండనిచ్చాడు.
జూలైలో చూస్తే పొట్టివే, నా మోకాలు దాటలేదు.
కానీ పక్కన తోడు లేని ప్రతిదీ
అడుగునుంచే కొమ్మలు చాచి
రానివాళ్ళ చోట్లో కూడా కాయలు కాసింది.
అన్ని ఖాళీలూ నిండలేదు. కలుపూ దూరింది.

ఎకరానికి ముప్పై ఒక్క బుషెళ్ళు.
పక్క పొలంలో ముప్పై తొమ్మిది.
తొందరపడింది వాళ్ళు. వాళ్ళ గింజలు
వాన రాకముందే గోరువెచ్చగా తాగేశాయి.
అదనుకీ అదను తప్పడానికీ మధ్య
రెండు రోజులు.
"ఇందులో నా తప్పెక్కడ?" అన్నాడు కోర్నీ.
నా కాగితంలో ఆ గడి లేదు.

ఈ ఏడు మళ్ళీ థర్మామీటరు గుచ్చాడు.
పది.
లేచి, మోకాలి మట్టి దులుపుకుని
పడమటి మబ్బుకేసి చాలాసేపు చూశాడు.
విత్తే బండి తాళం తీసుకెళ్ళి
ఆగ్నెస్ చేతిలో పెట్టాడు.