నిల్వ పుస్తకం

నెలకో శనివారం
పాగో పాగో రేవు మలుపులో, చేపల ఫ్యాక్టరీ ఎదుట
నా చెక్క బస్సు ఆగితే లోసా ఎక్కేది,
ఇస్త్రీ మడత నలగని యూనిఫాంలో.
వారమంతా ట్యూనా కోసిన చేతులు.
నిమ్మచెక్కతో ఎంత తోమినా పోని నీచు వాసన
సార్జెంటు పట్టీల దాకా పాకేది.

వాళ్ళని రిజర్వు అంటారు.
అక్కర పడేదాకా అటకెక్కించి ఉంచిన మనుషులు.
హెడ్‌క్వార్టర్సు ఎక్కడో ఉత్తరాన,
అయిదు గంటల విమానం, మధ్యలో భూమధ్యరేఖ,
ఒక్క చెట్టూ మొలవని నీళ్ళు.
అక్కడ జ్వరమొస్తే ఇక్కడ మాత్ర మింగాలి.

లోసా తాత ఫిలీపో కాలంలో తుపాకులు చాలక
కొబ్బరి మట్టలు భుజానేసుకుని కవాతు చేశారట.
రాని శత్రువు కోసం మూడేళ్ళు
సముద్రానికి కాపలా.
"దాన్నెవడు ఎత్తుకుపోతాడురా?" అని నవ్వేవాడు ముసలాయన.

తర్వాత మనవల వంతు. ఎడారి.
అలల చప్పుడు లేక నిద్రపట్టక
ఫెటూ అనే కుర్రాడు జనరేటరు పక్కన పడుకునేవాడట.
తిరిగొచ్చినప్పుడు వాడు నా బస్సెక్కలేదు,
జెండా కప్పుకుని వెనక ట్రక్కులో వచ్చాడు.
అధ్యక్షుడి ఎన్నికలో ఈ దీవికి ఓటు లేదు.
టోపీ సైజు మాత్రం అడిగి రాసుకుంటారు.

ఆ పొద్దున నేల ఊగింది. ఆగింది.
రేవులో నీళ్ళు వెనక్కి నడిచాయి.
ఊరి గంట, అదే, ఖాళీ గ్యాస్ సిలిండరు,
ఎవరో ఇనుపకడ్డీతో బాదుతూనే ఉన్నారు.
ఫోన్లు చచ్చిపోయాయి. ఆజ్ఞ రాలేదు.
ఉత్తరాన కాఫీ తాగుతున్నారేమో.
లోసా తన తాళంచెవితోనే స్టోరు తీసింది.
యుద్ధానికని దాచినవన్నీ,
టార్పాలిన్లు, స్ట్రెచర్లు, జిప్పు సంచులు,
నా బస్సులో సీట్లెక్కి కూర్చున్నాయి.

తొమ్మిదో సంచిలో ఎవరో పేరు చెప్పను.
లోసా కత్తి పక్కన కత్తి పట్టుకుని
పదకొండేళ్ళు నిలబడ్డ మనిషి.

నెల తిరిగాక ఒక ఆఫీసరు దిగాడు.
నిల్వ పుస్తకం తెరిచి పేజీ పేజీ తిప్పాడు.
సంచులు: ఇరవై రెండు. తెరిచినవారు: లోసా.
'అనుమతి ఇచ్చినవారు' అన్న గడి మీద
వేలు ఆగిపోయింది. అక్కడ ఏమీ లేదు.
ఫ్యాను తిరుగుతోంది. గుమ్మంలో నేను.
ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది,
సంజాయిషీ ఏదీ సిద్ధం చేసుకోకుండా.

ఆయన పెన్ను తీశాడు. అది రాయలేదు.
ఆమెది అడిగాడు.
ఖాళీ గడిలో సంతకం పెట్టి,
తనకే తెలియకుండా
వేళ్ళు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.