ఆరువందల నలభై గ్రాములు

మడత విప్పితే నాలుగు నల్లటి రేకులు.
ఇరవై ఎనిమిది వాట్లని అట్టపెట్టె మీద రాశారు,
ఏ ఎడారిలో కొలిచారో!
కుడ్లు గేట్‌లో, మా ఐదో అంతస్తు డాబా మీద,
ఆషాఢం మబ్బు కింద
పవర్ బ్యాంకులోకి గంటకి తొమ్మిది శాతం.

నచ్చకపోతే ఏడు రోజుల్లో వెనక్కివ్వొచ్చు.
ఇవాళ ఆరోరోజు.

పక్కనే గిరిజమ్మగారు సండిగెలు పెట్టుకున్నారు.
"నిమ్దూ ఒణగిల్వా?"
ఎండలేదండీ, ఇంకా పచ్చిగానే ఉంది, అన్నాను.
ఇద్దరం తలలెత్తి చూశాం,
మొండిబాకీ వసూలుకొచ్చిన వాళ్ళలా.

లెక్క వేసుకుంటే తేలిపోయే విషయమే.
రెండు రోజుల నడకకి పవర్ బ్యాంకు చాలు.
నాలుగో రోజు దాటితేనే దీని మోత గిట్టుబాటు.
నేనెప్పుడు నడిచాను నాలుగు రోజులు?
శుక్రవారం రాత్రి మెజెస్టిక్‌లో బస్సెక్కి
సోమవారం పొద్దున్నే లాగిన్ అయ్యే ప్రాణం.
పైగా అడవిలో ఎండ చిల్లరగా రాలుతుంది,
ఒక్కో ఆకూ తన వాటా కోసుకుని
మిగిలింది వదులుతుంది.

కింద గుజిరీ కొట్టు ఇనాయత్ తరాజులో తూచాం.
ఆరువందల నలభై గ్రాములు.
ముప్పావు లీటరు నీళ్ళకి కాస్త తక్కువ.
కిలో ఎంతకి తీసుకుంటావ్ అంటే
అటూ ఇటూ తిప్పి చూసి,
"దీనికి తెలీదు. అట్టపెట్టెకైతే పన్నెండు."

మరి ఎందుకు కొన్నట్టు?

పోయిన నవంబర్లో కుమారపర్వతం దిగుతుంటే
పొద్దుగూకే వేళకి ఫోను కళ్ళు మూసింది.
టార్చీ, మ్యాపూ, టైమూ అన్నీ దాంతోనే పోయాయి.
ముందు నడుస్తున్న ఎవరో ఆయన
తన లైటుని కొంచెం వెనక్కి, నా పాదాల మీదికి వంచి
గంటన్నర నడిచాడు, ఒక్క మాట లేకుండా.
మొహం చూడలేదు.
మడమలు తెలుసు.
ఎడమ చెప్పుకి నీలం దారంతో కుట్టు.
కింద హోటలు దగ్గర జనంలో కలిసిపోయాడు,
థ్యాంక్స్ నా నోట్లోనే ఉండిపోయింది.

అలాంటి రాత్రి మళ్ళీ రాకూడదని కొన్నానో,
వస్తే ఈసారి లైటు నా చేతిలో ఉండాలని కొన్నానో
బిల్లులో రాసి లేదు.

నాలుగున్నరకి మబ్బు విడింది.
ఎర్రదీపం పచ్చగా మారింది.
గిరిజమ్మగారు పరుగున వచ్చి సండిగెలు తిరగేశారు,
పోతూ పోతూ కాలి వేలితో
నా రేకుల్ని కూడా ఎండలోకి జరిపారు.

అట్టపెట్టె ఇంకా పారెయ్యలేదు.