బొటనవేలి కొలత

పుయెర్తో మోంత్‌లో, మూడో అంతస్తులో
మూరెడు తెర ముందు కూర్చుని గీశాను ఆ పేజీని.
నాలుగు నెలలు పట్టింది.
పైన సముద్రం ఫోటో, ఈ అంచు నుంచి ఆ అంచుకి,
దాని మీద నెమ్మదిగా కదిలే మూడు పడవలు.
ఎక్కడో అడుగున, సన్నని బూడిదరంగు అక్షరాల్లో
ఎర్రపోటు వచ్చినప్పుడు
ఏ ఒడ్డు గుల్లలు తినొచ్చో, ఏ ఒడ్డువి విషమో.
చూసినవాళ్ళంతా బాగుందన్నారు.
అందరూ కుర్చీల్లోంచే చూశారు.

కెమ్చిలో ఆటు దిగిన ఉదయం
ఎదువీనా నావెల్కీన్ మోకాళ్ళదాకా బురదలో ఉంది.
ఒక చేత బుట్ట, ఒక చేత గుల్లలు తవ్వే కొక్కెం.
ఫోను జాకెట్టు లోపల,
రొట్టె చుట్టుకొచ్చిన ప్లాస్టిక్ సంచిలో.
"ఒకసారి తెరిచి చూడండి" అన్నాను.
"ఏ చేత్తో?" అంది.

కొక్కేన్ని చంకలో ఇరికించి
బొటనవేలు ఉన్ని టోపీకి తుడుచుకుంది.
చలికి ఉబ్బిన వేలు. గోరు సగమే ఉంది.
తడి చూసి తెర ఆ వేలిని మనిషిదనుకోలేదు.
మళ్ళీ తుడిచింది.
సముద్రం దిగడం మొదలైంది.
ముందు కాస్త ఆకాశం,
తర్వాత ఇంకాస్త ఆకాశం, అక్కడ ఆగిపోయింది.
ఆమె తలెత్తి ఎదురుగా ఉన్న నీళ్ళని చూసి
నన్ను చూసి
"దీనికి నా రీచార్జిలో ఎంత పోయింది?" అంది.
నాకు తెలియదు. నాలుగు నెలల్లో
ఆ లెక్క ఒక్కసారీ వెయ్యలేదు.

పడవలొచ్చాక వాటిని నొక్కింది, ఏదైనా అవుతుందేమోనని.
ఏమీ కాలేదు.
కిందికి, ఇంకా కిందికి తోస్తే ఒడ్ల పేర్లు.
పేరుకీ పేరుకీ మధ్య నేను వదిలింది
చీమ దూరేంత సందు.
ఆమె నొక్కింది పుంత చియూతో,
తెరుచుకుంది పక్కనున్న వితెకూరా.
తినొచ్చు, అని ఉంది.
సరేనని కొక్కెం చేతిలోకి తీసుకుంది.

నేను అరిచిన అరుపుకి కొంగలు లేచాయి.

సగం నిండిన బుట్టని
ఏమీ అనకుండా బురదలోకి బోర్లించింది.
నడుస్తూ చెప్పింది:
"మా మరిది రోసెందోకి ముందు పెదాలు తిమ్మిరెక్కాయి,
తర్వాత మూతి ఒక పక్కకి పోయింది.
నవ్వుతున్నాడనుకున్నాం.
మేమూ నవ్వాం.
బతికాడులే. ఇప్పటికీ గుల్లల పులుసు వాసనొస్తే
పోయి వానలో నిలబడతాడు."

గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు.
ఆమెకున్న గోరే సగం,
నేను మోసుకొచ్చింది గొడ్డలి.

ఆ రాత్రి ఆమె వంటింట్లో
పొయ్యి పక్కన, బెత్తెడు కాగితం మీద మళ్ళీ మొదలుపెట్టాను.
ఫోటో పోయింది. పడవలు మునిగాయి.
"వద్దన్నచోట ఎరుపు పెడితే చాలు కదా?" అని అడిగాను.
"ఎండలో నీ ఎరుపూ ఆకుపచ్చా ఒకటే.
వద్దంటే వద్దని రాయి. పెద్దగా రాయి.
కళ్ళజోడు నేను పడవలో పారేసుకున్నాను."
బంగాళాదుంపల పిండి కలుపుతోంది.
ఆ ముద్దలో బొటనవేలు నొక్కమన్నాను.
గుంట పడింది, అడ్డంగా, కొంచెం వంకరగా.
స్కేలు పెట్టి కొలిచాను.
ఇక నా పేజీలో ఏ మీటా
ఆ గుంటకన్నా చిన్నది కాదు.
తర్వాత ఆ కొలతని
పంది కొవ్వులో వేయించి ఇద్దరం తిన్నాం.

ఆఫీసులో అన్నారు: ఇంత ఖాళీగానా?
నాలుగు నెలలకి పది పేర్లూ, ఒక మాటా?
బొమ్మ ఒక్కటైనా పెట్టవా?
నేను పిండి సంగతి చెప్పలేదు.
చెప్పి ఉంటే దాన్ని బొమ్మగా పెట్టమనేవాళ్ళు.

మళ్ళీ ఆటు దిగిన రోజు వెళ్ళాను.
ఆమె సంచిలోంచి తియ్యకుండానే
ప్లాస్టిక్ మీదనుంచే నొక్కింది.
వద్దు.
ఏదో తిట్టు తిట్టింది, నన్ను కాదు, సముద్రాన్ని.
ఫోను లోపలికి తోసి
అవతలి ఒడ్డుకి నడక మొదలుపెట్టింది.
పేజీ ఎలా ఉందని అడుగుదామని వెనకాలే పోయాను.
బుట్ట నా చేతికిచ్చింది.
నా బూట్లలోకి నీళ్ళొచ్చాయి.