పంటికింద ఇసుక

అన్నంలో ఇసుక పలుకు తగిలితే
మా ఇంట్లో అందరూ ముఖం చిట్లిస్తారు.
నేను మాత్రం నమలడం ఆపి
కాసేపు ఊరుకుంటాను.
మనవరాలు సియామి అడుగుతుంది,
"మళ్ళీ ప్రార్థనా, తాతా?"

వెదురు పూసిన ఏడాది నాకు తొమ్మిదేళ్ళు.
మా మిజో కొండల్లో వెదురు పూయడమంటే
పండగ కాదు.
ఆ గింజలు తిని ఎలుకలు పెరిగాయి,
గింజలు అయిపోయాక పొలాల మీద పడ్డాయి.
పొద్దున్నే వెళ్ళిన నాన్న
బుట్ట పట్టీ నుదుటికి తగిలించుకుని
ఖాళీగా తిరిగొచ్చాడు.
బరువేమీ లేదు,
నడుం మాత్రం వంగే ఉంది.

అయినా అమ్మ
ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి
పొయ్యి పక్కన మేకుకు వేలాడే డబ్బాలో వేసేది.
దేవుడి పిడికెడు.
అడవి దుంపలు తవ్వుకు తింటున్న రోజుల్లోనూ.
అమ్మ కుడిచేతికి రెండు వేళ్ళు లేవు,
రంపపు మిల్లులో పోయాయి.
ఆ సందుల్లోంచి నాలుగు గింజలు జారితే
ఏరి, మళ్ళీ డబ్బాలోనే వేసేది.
ఆ నాలుగు గింజల మీదే నా కోపమంతా.

కొత్త గుడి గోడలకని
త్లాంగ్ నది నుంచి మోసుకొచ్చిన ఇసుక
మా ఇంటి వెనకే కుప్ప పోశారు.
రోజూ ఒక గుప్పెడు బియ్యం దొంగిలించి పచ్చివే నమిలాను.
తిన్నంత ఇసుక అడుగున నింపి
పైన బియ్యం పరిచాను.
ఇదీ గుడిదే, అదీ గుడిదే,
లెక్క సరిపోయిందనుకున్నాను.

శనివారం సాయంత్రం పి కప్తువామి వచ్చింది,
చంకలో గోనెసంచి, చేతిలో నోటుపుస్తకం.
డబ్బాను చేటలోకి వంచింది.
ముందు బియ్యం చప్పుడు.
తర్వాత ఇంకో చప్పుడు.
ఆమె చూసింది. అమ్మ చూసింది.
ఇద్దరిలో ఎవరూ నా వైపు చూడలేదు.
దెబ్బలకు సిద్ధం చేసుకున్న వీపు
అలాగే బిగుసుకుని ఉండిపోయింది.
ఆమె పెన్సిలు ముల్లు నాలుకకు అద్ది
ఏదో రాసుకుని
పొగమంచులో దిగిపోయింది.

ఆ రాత్రి దీపం దగ్గర
అమ్మ చెరిగింది, గాలించింది, ఏరింది.
కోడి కూసేదాకా,
మూడు వేళ్ళతో, ఒక్కో గింజా.
చేటెడు ఇసుక విసిరి పారెయ్యడం ఎంతసేపు?
అందులో నాలుగు గింజలున్నాయని
ఆమెకు తెలుసు.

పొద్దున ఆ బియ్యం వండి
నా కంచంలో ముందు పెట్టింది.
"ఇది దేవుడిది కదమ్మా" అన్నాను.
"ఆయనకు ఆకలి లేదట. తిను, చల్లారిపోతుంది."
ఎంత ఏరినా ఒక పలుకు మిగిలింది.
పంటికింద కరకరమంది.
ఉమ్మలేదు.
తిన్నాక నా దోసిట్లో ఇసుక పోసి
కుప్పలో కలిపి రమ్మంది.
అంతే. ఆ సంగతి చనిపోయేదాకా ఎత్తలేదు.

మొన్న గుడి బీరువా సర్దుతుంటే
చెదలు వదిలేసిన ఆ నోటుపుస్తకం దొరికింది.
సంఘపెద్దను కదా, తాళాలు నా దగ్గరే.
ఆ శనివారం, అమ్మ పేరుకు ఎదురుగా:
ఒక డబ్బా, నిండుగా.
దాని కింద వరస పి కప్తువామిది.
ఏ వారమూ తప్పని మనిషి, ఐదుగురు పిల్లల విధవ.
ఆ ఒక్క వారం
ఆమె పేరుకు ఎదురుగా సున్నా.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను.
కృప గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను,
గొంతు పెంచి నేనూ కొన్ని చేశాను.
ఆ సున్నా అంత గుండ్రటి మాట
ఒక్కసారీ నా నోట రాలేదు.

నేను తిరిగిచ్చిన ఇసుక
గుడి గోడలో ఏ రాతి సందున ఉందో తెలీదు.
ఆదివారం ముందు వరసలో నాకో కుర్చీ వేస్తారు.
నేను వెనక్కి వెళ్ళి
గోడకు ఆనుకుని కూర్చుంటాను.