సీసాలో మట్టి

వంటగట్టు మీద, ఉప్పుడబ్బా పక్కన
హార్లిక్స్ సీసాలో మా నేల ఉంది.
మూడోవంతు మట్టి, పైన నీళ్ళు, చిటికెడు ఉప్పు.
గట్టిగా ఊపి కదపకుండా పెట్టమన్నాడు మునిశామప్ప.
నిమిషంలో ఇసుక దిగింది.
అన్నం ఉడికి, తిని, గిన్నెలు కడిగేలోగా ఒండ్రు.
బంకమన్ను మాత్రం రాత్రంతా తేలుతూనే ఉంది,
నిద్రపట్టని మనిషిలా.

దొడ్డబళ్ళాపురం దాటి పదకొండు కిలోమీటర్లు,
బస్సు దిగి మళ్ళీ నడక.
మల్బరీ తోటకూ మూతపడ్డ ఇటుకబట్టీకీ నడుమ
ఎవరూ అడగని మూల, మూడు గుంటలు.
పద్నాలుగేళ్ళ చీటీలు, నా పీఎఫ్,
ఓబులేసు అమ్మేసిన లగేజి ఆటో
అన్నీ కలిస్తే అంత.
ఆ ఆటోనే ఇప్పుడు రోజుకింతని బాడుగకు తోలుతున్నాడు.

పీణ్యలో నాది కటింగు సెక్షను.
నూరు పొరల గుడ్డ మీద సుద్దగీత గీసి
వేలెడు పీలిక వృథా పోకుండా
చేతులూ కాలర్లూ ఒకదాని సందులో ఒకటి ఇమిడ్చే పని.
ఇల్లు కూడా అట్లనే గీశాను,
పాత క్యాలెండరు వెనక, మెడలో వేలాడే టేపుతో.
స్నానాలగదీ వంటిల్లూ ఒకే గోడ పంచుకుంటే
ఒకే గొట్టం చాలు.
దేవుడికి గది లేదు, అలమరలో ఒక అర.
ఆయన సర్దుకుంటాడు, ఇన్నేళ్ళూ సర్దుకున్నాడుగా.
కాంపౌండు కొట్టేశాను.
టైల్స్ కొట్టేశాను, ఎర్ర గచ్చు చాలన్నాను.
కిటికీ కొట్టేయబోతే పెన్సిలు ఆగింది.

మా సెక్షనులో కిటికీలు లేవు.
ట్యూబులైటుకు పొద్దుందో గూకిందో తెలీదు.
కూర కలిపేటప్పుడైనా
బయట ఏ వేళైందో నాకు కనపడాలి.
కిటికీ ఉండనీ.
వెనక తలుపు రేకుది వేద్దాం.

లెక్క ఆరు లక్షల నలభై వేల దగ్గర ఆగింది.
మా దగ్గర నాలుగు పది.

"ఇటికెలు కొనొద్దమ్మా" అన్నాడు మునిశామప్ప.
"పునాది తవ్విన మట్టే మీ గోడ.
నూటికి ఏడుపాళ్ళు సిమెంటు, చేత్తో నొక్కే మిషను,
మూడువారాలు గోనెపట్టాలు కప్పి తడపాల.
స్లాబులో పాత మంగుళూరు పెంకులు బోర్లిస్తే
కాంక్రీటు అంత తినదు."
"మట్టిల్లా!" ఓబులేసు మొహం చిన్నబోయింది.
మట్టింట్లోంచే పారిపోయి బెంగుళూరొచ్చిన మనిషి.
వానకు కూలిన గోడ కింద మేకపిల్ల పోయిన సంగతి
ఆ రాత్రే మొదటిసారి చెప్పాడు.

ఖాతా కోసం పంచాయతీ ఆఫీసుకు ఆరు ట్రిప్పులు.
గుమాస్తా తలెత్తకుండానే "నాళె బన్ని" అంటాడు.
వెనకటి రోజుల్లో రాత్రిపూట తలుపు తట్టే దయ్యానికి
ఈ ఊళ్ళో గోడల మీద రాసిపెట్టేవాళ్ళట, 'నాళె బా' అని.
అది చదువుకొని, రేపొద్దామని వెళ్ళిపోయేదట, రోజూ.
ఏడోసారి బెంచీ మీద కూచుంటే నవ్వొచ్చింది.
దానికీ ఇల్లు లేదేమో,
ఎవరూ అడిగి ఉండరు.

లగ్గెరెలో మా అద్దెగదికి పదిహేడేళ్ళు.
మేకు కొట్టొద్దని ఓనరమ్మ మొదటిరోజే చెప్పింది.
అద్దం, పెళ్ళిఫొటో, మావయ్య పటం
గోడకు వీపానించి నేలమీదే నిలబడ్డాయి,
ఫ్యాక్టరీ గేటు ముందు పనడిగేవాళ్ళలా.
మొన్న ఓబులేసు జేబులోంచి పొట్లం తీశాడు:
పావుకిలో మేకులు.
"మట్టిగోడకు నిలుస్తాయా?" అన్నాడు.
గోడ ఇంకా లేదు.

ఈ ఉదయానికి సీసా తేటపడింది.
టేపు పెట్టి కొలిచాను.
ఇసుక మూడంగుళాలు, ఒండ్రు అర,
బంకమన్ను ముప్పావు.
"చాలా?"
"మునిశామప్పనడగాల."
ఓబులేసు సీసా వెలుతురుకెత్తి చూశాడు,
చూసి చూసి, గబుక్కున ఊపేశాడు.
అంతా ఎర్రగా కలిసిపోయింది.
"ఏందయ్యా అది!"
"మళ్ళీ అట్లే దిగుతుందా అని."

షిఫ్టుకు టైమైంది.
నేను చెప్పులేసుకునేసరికి
ఇసుక అప్పుడే అడుగు పట్టింది.